‘ఇక జీవితాంతం ఈ మాస్కుతోనేనా?’

విశాఖ గాజువాక నుంచి ఒక పాఠకుడు పేరు వేయొద్దంటూ పెద్ద ఉత్తరం పంపారు. వయసు 47. దగ్గర్లోనే ఒక కర్మాగారంలో షిఫ్టు ఇన్‌చార్జి. భార్య, ఇంటర్ రెండో ఏడాది చదివే కూతురు, తల్లి. రెండు బెడ్‌రూముల ఫ్లాట్.

ఆయన గురక ఇంట్లో ఏళ్ల తరబడి వేళాకోళమే. అనకాపల్లిలో ఒక పెళ్లికి వెళ్లి, కల్యాణ మండపంలో అందరితో పాటు పడుకుంటే పిల్లలెవరో ఫోన్‌లో రికార్డు చేసి చుట్టాల వాట్సాప్ గ్రూపులో పెట్టారు. అందరూ నవ్వారు, ఈయనా నవ్వేశారు. భార్య మాత్రం నవ్వలేదు. గురక మధ్యలో ఆగిపోయి, చాలాసేపు ఏ చప్పుడూ లేక, చివర్లో ఉక్కిరిబిక్కిరవుతూ ఊపిరి లాక్కున్న శబ్దం అందులో ఉంది. ఆవిడ రోజూ చీకట్లో వింటున్నదే అది. పట్టుబట్టి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లింది ఆవిడే. అప్పటికే ఈయన బీపీకి రెండు రకాల మాత్రలు వేసుకుంటున్నారు. మధ్యాహ్నం కంట్రోల్ రూములో కునుకు పట్టేస్తుంది. ఒకసారి ఎన్ఏడీ కూడలి దగ్గర సిగ్నల్లో బండి మీదే తూలారు.

స్లీప్ స్టడీలో ఏహెచ్ఐ (నిద్రలో గంటకు ఎన్నిసార్లు ఊపిరి ఆగుతోందో చెప్పే లెక్క) 42 వచ్చింది. తీవ్రమైన స్లీప్ అప్నియా, అంటే నిద్రలో ఊపిరి ఆగే జబ్బు అన్నారు. పడుకునేటప్పుడు మాస్కు ద్వారా గాలి పంపే సీప్యాప్ మిషన్ రాశారు. ‘ఎన్నాళ్లు వాడాలి సార్?’ అంటే డాక్టరు ‘లైఫ్‌లాంగ్. మానేస్తే గుండెపోటే’ అని చెప్పి తర్వాతి పేషెంటును పిలిచారట.

కొని ఐదు నెలలైంది. రెండు మూడు గంటలు ఉంచుకుని తీసేస్తున్నారు. నోరు పిడచకట్టుకుపోతోంది. తెల్లారేసరికి పొట్ట ఉబ్బరం. మీసం పక్కనుంచి గాలి తన్నుకొచ్చి కళ్లలో కొడుతోంది. ఏసీ వేస్తే గొట్టంలో నీళ్లు చేరి గుడగుడమంటోంది. పనిమనిషి కంట పడకుండా పొద్దున్నే మిషన్ బీరువాలోకి వెళ్లిపోతుంది. రాత్రి డ్యూటీ ఉండే సి షిఫ్టు వారంలో దానికి పూర్తిగా సెలవు. సంక్రాంతికి బొబ్బిలిలో అత్తవారింట్లో రాత్రి ఉండాల్సి వస్తుందని భోగి నాడే చీకటిపడ్డాక కారు నడుపుకుంటూ తిరిగొచ్చేశారు. ఏటా వేసుకునే అయ్యప్ప మాల కూడా ఈసారి వేసుకోలేదు.

ఉత్తరం చివర్లో రెండు వాక్యాలున్నాయి. ‘2021 మేలో మా అన్నయ్య కోవిడ్‌తో పోయాడు, ఆఖరిసారి వీడియో కాల్‌లో చూసింది ఇలాంటి మాస్కుతోనే. నన్ను మొదటి రాత్రి దీంతో చూసి మా అమ్మ “ఏట్రా నాయినా, నీకూ అదే ఎట్టీసేరా!” అని గుమ్మంలోనే కూలబడిపోయింది.’

ఆయన అడుగుతున్నవి: మానేస్తే నిజంగా ఏమవుతుంది? బరువు తగ్గితే పోతుందా? ఆపరేషన్‌గానీ, పళ్లకు పెట్టే క్లిప్పుగానీ? ఆఫీసులో చెప్పాలా? తుపానొచ్చి కరెంటు పోతే? ‘ఇంకో ముప్ఫై ఏళ్లు ఇలా పడుకోవాలంటే మనసు ఒప్పుకోవడం లేదు. ఎలా ఒప్పించాలి?’

సమాధానం:

మనసు ఒప్పుకోవడం లేదని రాశారు గానీ, మీరు చెప్పిన ఇబ్బందుల్లో సగానికి పైగా మనసువి కావు. కళ్లలో గాలి కొడుతూ, పొట్ట ఉబ్బి, చెవి పక్కన నీళ్లు గుడగుడలాడుతుంటే ఎవరి మనసు ఒప్పుకుంటుంది? మిషన్ అమ్మినవాళ్లు ఒకసారి వచ్చి పెట్టి చూపించి వెళ్లిపోయారు. తర్వాత మీకు కుదిరిందో లేదో అడిగినవాళ్లు లేరు. ఆ సరిపోని మాస్కుతో ఐదు నెలలు కుస్తీ పట్టి, తప్పంతా మీ మనోబలానిదే అనుకుంటున్నారు. ముందు ఈ రెండింటినీ విడదీద్దాం. నేను కౌన్సెలర్‌ని, డాక్టర్ని కాను. ప్రెషర్ మార్చడం, మందులు మార్చడం మీ డాక్టర్ చేతిలో పని. కానీ ఆయన్ని ఏం అడగాలో తెలుసుకుని వెళ్తే మీకిచ్చే ఆ ఐదు నిమిషాలూ పనికొస్తాయి.

42 అంటే ఏమిటో మీకెవరూ చెప్పినట్టు లేదు. నిద్రలో గంటకు 42 సార్లు మీ ఊపిరి ఆగిపోతోంది, లేదా బాగా సన్నబడుతోంది. ఒక్కోసారీ కనీసం పది సెకన్లు. ఐదు దాటితేనే జబ్బు కింద లెక్క, 30 దాటితే తీవ్రం. ఏడు గంటలు పడుకుంటే దాదాపు మూడు వందల సార్లు. నిద్రపోగానే గొంతు కండరాలు సడలి దారి మూసుకుపోతుంది, రక్తంలో ఆక్సిజన్ పడిపోతుంది, మెదడు ఉలిక్కిపడి మిమ్మల్ని కాస్త లేపి ఊపిరి పీల్పిస్తుంది. ఈ మెలకువలు మీకు గుర్తుండవు. గుర్తుండేది పొద్దున తలనొప్పి, మధ్యాహ్నం కునుకు. అందువల్ల సిగ్నల్లో తూలింది మీ బద్ధకం కాదు. వాట్సాప్‌లో నవ్వినవాళ్లకు ఈ సంగతి తెలియదు, వాళ్లనీ ఏమీ అనలేం.

ఇప్పుడు మాస్కు సంగతి. మీకిచ్చింది ముక్కూ నోరూ కప్పే పెద్దది. మీసం ఉన్నవాళ్లకు దాని అంచు చర్మానికి సరిగ్గా అతుక్కోదు. గాలి పోతోందని పట్టీలు ఇంకా బిగించి ఉంటారు, చాలామంది చేసే పనే అది. బిగించినకొద్దీ అంచు వంకర తిరిగి లీకు ఎక్కువవుతుంది. మీసం తీసేయమని నేను చెప్పను, మన వైపు మగవాడికి ఆ సలహా ఇచ్చి బతికి బట్టకట్టడం కష్టం! ముక్కు రంధ్రాల దగ్గర మాత్రమే కూర్చునే నాసల్ పిల్లోస్ అనే చిన్న రకం ఉంటుంది. మీసంతో దానికి పేచీ తక్కువ, ముఖం కూడా తెరిపిగా ఉంటుంది. ముక్కుతో ధారాళంగా ఊపిరి ఆడాలన్నదొక్కటే షరతు. మీకు ముక్కు దిబ్బడ ఉంటే ముందు ఈఎన్‌టీ డాక్టర్‌కి చూపించుకోండి. ఏది తీసుకున్నా కొనేముందు మంచం మీద పడుకుని, మిషన్ ఆన్‌లో ఉంచి, అటూ ఇటూ తిరిగి చూడండి. కుర్చీలో కూర్చుని అద్దంలో చూసుకుంటే కుదిరిన మాస్కు, పడుకుంటే జారిపోతుంది.

గొంతు ఎండిపోవడానికి, గాలికి తేమ కలిపే హ్యూమిడిఫయర్ పెంచమంటారు, పెంచితే ఏసీ చల్లదనానికి ఆ తేమంతా గొట్టంలో నీరవుతుంది. అసలే మన ఊరు ఉక్కపోతకు పెట్టింది పేరు, గదిలో తేమకు కొదవ లేదు. హ్యూమిడిఫయర్‌ను ఒక అంకె తగ్గించి, ఏసీని రెండు డిగ్రీలు పెంచి, గొట్టాన్ని దుప్పటి లోపలి నుంచి తెచ్చుకోండి. మిషన్ తలకంటే ఎత్తులో ఉండకూడదు, మంచం కంటే పొట్టి స్టూలు మీద పెట్టండి. అప్పటికీ గుడగుడ ఆగకపోతే వేడి చేసే గొట్టం దొరుకుతుంది. పొట్ట ఉబ్బరం మీరు గాలి మింగడం వల్ల. చాలాసార్లు ప్రెషర్ సర్దితే తగ్గుతుంది. తక్కువ గాలితో మొదలై నెమ్మదిగా పెరిగే ఏర్పాటు, ఊపిరి వదిలేటప్పుడు ప్రెషర్ కాస్త తగ్గే ఏర్పాటు చాలా మిషన్లలో ఉంటాయి. మీ దాంట్లో అవి ఆన్ చేశారో లేదో అడగండి. ఆన్ చేయకుండా వదిలేసిన మిషన్ల కథలు చాలా విన్నాను.

ఇంకొక్కటి, పొద్దున మిషన్ తెర మీద మూడు అంకెలు చూడండి: ఎన్ని గంటలు వాడారు, లీకు ఎంత, మాస్కు పెట్టుకున్నప్పుడు ఇంకా మిగిలిన ఏహెచ్ఐ ఎంత. ఆ చివరిది ఐదు లోపు ఉంటే చికిత్స పనిచేస్తున్నట్టే. డాక్టర్‌తో ‘సార్, కుదరడం లేదు’ అంటే ఓపిక పట్టమంటారు. ‘లీకు ఇంత, మిగిలిన ఏహెచ్ఐ ఇంత, మూడు గంటలకు మెలకువ వచ్చి తీసేస్తున్నాను’ అంటే ఏదో ఒకటి మార్చక తప్పదు.

రాత్రి రెండింటికో మూడింటికో తీసేస్తున్నారు కదా. కలలొచ్చే నిద్ర ఎక్కువగా తెల్లవారుజామునే ఉంటుంది. ఒంట్లో కండరాలు బాగా సడలేది అప్పుడే, చాలామందికి ఊపిరి ఎక్కువగా ఆగేదీ అప్పుడే. మీరు మాస్కు తీసి పక్కన పెడుతున్నది సరిగ్గా ఆ వేళకు. పెట్టుకున్న ఆ మూడు గంటల కష్టం మీకు మిగులుతోంది, లాభం సగం కూడా దక్కడం లేదు. మెలకువ వస్తే తీసేయకుండా, మళ్లీ పెట్టుకుని తక్కువ గాలితో మొదలయ్యే బటన్ నొక్కి పడుకోండి.

ఇక అన్నయ్య. మాస్కు గురించి రెండు పేజీలు రాసి, ఆయన గురించి రెండు వాక్యాలు రాశారు. నాకైతే ఉత్తరం మొత్తంలో బరువైనవి ఆ రెండే. ఆ రోజుల్లో చాలా ఇళ్లలో జరిగినట్టే, మీకు ఆయన్ని దగ్గర కూర్చుని చూసుకునే అవకాశం, నలుగురిలో ఏడ్చే అవకాశం దొరికి ఉండవు. కళ్లలో మిగిలిపోయింది ఫోన్ తెర మీద ఆ మాస్కు. దాన్నే ఇప్పుడు రోజూ రాత్రి మీ చేత్తో మీరే ముఖానికి కట్టుకోవాలి. చేతులు వెనకాడడంలో వింతేముంది?

అయినా రెండింటికీ తేడా మీకూ అమ్మగారికీ తెలియాలి. అన్నయ్యకు ఊపిరితిత్తులు పాడయ్యాయి, లోపలికి ఆక్సిజన్ ఎక్కించాల్సి వచ్చింది. మీ ఊపిరితిత్తులకు ఈ జబ్బుతో ఏ లోటూ రాలేదు. మూసుకుపోతున్నది గొంతు దగ్గర దారి. మీ మిషన్‌లో ఆక్సిజన్ లేదు, గదిలో గాలినే కాస్త ఒత్తిడితో పంపి ఆ దారి తెరిచి ఉంచుతుంది. అంతే దాని పని. 1980లో సిడ్నీలో కోలిన్ సలివాన్ అనే డాక్టర్ మొదటిసారి దీన్ని వాడి చూశారు, 1981లో లాన్సెట్ పత్రికలో రాశారు. అంతకు ముందు మీలాంటి తీవ్రమైన కేసుకు మెడ దగ్గర రంధ్రం చేసి గొట్టం పెట్టడం తప్ప వేరే గట్టి వైద్యం లేదు. కరెంటు పోతే మాస్కులో ఊపిరాడక పోతారన్న భయం కూడా వద్దు. మీరిప్పుడు వాడుతున్న పెద్ద మాస్కులో, మిషన్ ఆగిపోతే బయటి గాలి రావడానికి ఒక చిన్న వాల్వు ఉంటుంది.

అమ్మగారి కంట పడకూడదని తలుపేసుకుంటున్నారు కదా, అది ఆపండి. తలుపు మూసి ఉన్నంతసేపూ ఆవిడ అవతల ఏం ఊహించుకుంటున్నారో మీకు తెలియదు. ఒక మధ్యాహ్నం వెలుతురులో ఆవిణ్ని మంచం మీద కూర్చోబెట్టి, మిషన్ ఆన్ చేసి, గొట్టం చివర ఆవిడ అరచేతికి తగిలించండి. ‘ఆక్సిజన్ కాదమ్మా, ఫ్యాను గాలే’ అని మీ నోటితో చెప్పండి. మీరు మాస్కు పెట్టుకుని ఆవిడతో నాలుగు మాటలు మాట్లాడండి, తీసేయండి, మళ్లీ పెట్టుకోండి. మీ అన్నయ్య పెట్టుకున్నది తీయలేకపోయారు. మీరు తీయగలరని ఆవిడ కళ్లారా చూడాలి. ఆవిడ ఏడిస్తే ఏడవనివ్వండి, మీకూ వస్తే ఆపుకోకండి.

ఆ తర్వాత కూడా మాస్కు ముఖానికి తగలగానే గుండె దడదడలాడి, చెమటలు పడుతుంటే దాన్ని పిరికితనం అనుకోవద్దు. దానికి పద్ధతి ఉంది. సాయంత్రం టీవీలో మ్యాచ్ చూస్తూ, పట్టీలు కట్టకుండా మాస్కును చేత్తో పట్టుకుని కాసేపు. అలవాటయ్యాక పట్టీలతో. తర్వాత మిషన్ ఆన్ చేసి పావుగంట. పడుకోవడంతో సంబంధం లేకుండా ఇలా కొన్నాళ్లు చేస్తే శరీరం నెమ్మదిగా నమ్ముతుంది. సొంతంగా సాగకపోతే సైకాలజిస్టు సాయం తీసుకోండి. ఎక్కడికీ వెళ్లబుద్ధి కాకపోతే ముందు ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడొచ్చు, ఉచితం.

మానేస్తే ఏమవుతుందని అడిగారు. మీ డాక్టర్ గుండెపోటు అన్నారు. అలా బెదిరించడం నాకు నచ్చదు, పైగా విషయం అంత సూటిగా లేదు. 2016లో సేవ్ అనే పెద్ద అధ్యయనం ఫలితాలు వచ్చాయి. అప్పటికే గుండెజబ్బో పక్షవాతమో ఉన్న రెండున్నర వేల మందికి పైగా స్లీప్ అప్నియా పేషెంట్లను కొన్నేళ్లు గమనించారు. సీప్యాప్ ఇచ్చినవాళ్లలో గుండెపోట్లు, పక్షవాతాలు తగ్గినట్టు కనిపించలేదు. వాళ్లు సగటున రాత్రికి మూడు గంటల పైచిలుకే వాడారు, అందుకే ఫలితం రాలేదని కొందరి వాదన. అది తేలేదాకా గుండెపోటు పేరు చెప్పి మిమ్మల్ని నేను భయపెట్టను. కానీ అదే అధ్యయనంలో సీప్యాప్ వాడినవాళ్లకు పగటి మత్తు తగ్గింది, మనసు తేలికపడింది, పనికి సెలవు పెట్టిన రోజులు తగ్గాయి. వైద్యం తీసుకోని స్లీప్ అప్నియాతో రోడ్డు ప్రమాదాలు పెరుగుతాయన్నదీ, మిషన్ సరిగ్గా వాడితే ఆ ముప్పు తగ్గుతుందన్నదీ గట్టిగా తేలిన విషయాలు. బీపీ కూడా కొంత దిగొచ్చు, మాత్రలు మానేసేంత అని ఆశ పెట్టుకోకండి.

అందుకే నా లెక్క వేరు. ముప్ఫై ఏళ్ల తర్వాతి గుండె కోసం ఎవరూ ఈ రాత్రి మాస్కు పెట్టుకోరు. రేపు మధ్యాహ్నం కంట్రోల్ రూములో మెలకువగా ఉండటం కోసం, ఎన్ఏడీ దగ్గర బండి మీద తూలకుండా ఉండటం కోసం పెట్టుకోవచ్చు. మానేస్తే ఒకటి రెండు రాత్రుల్లోనే పాత నిద్ర తిరిగొస్తుంది. సరిగ్గా పెట్టుకుంటే తేడా కూడా త్వరగానే తెలుస్తుంది. రాత్రి మూత్రానికి లేవడం తగ్గడం చాలామంది ముందు గమనించే మార్పు.

అందరూ దీన్ని కళ్లద్దాలతో పోలుస్తారు, ‘అద్దాలు పెట్టుకోవడం లేదా, ఇదీ అంతే’ అంటారు. అంతే కాదు. కళ్లద్దాలకు గొట్టం ఉండదు, ప్లగ్గు అక్కర్లేదు, భార్యాభర్తల మధ్య పడుకోవు. మీకు కష్టంగా ఉందంటే కష్టంగానే ఉంది.

భోగి రాత్రి మీరు చేసిన పని మాత్రం నాకు నచ్చలేదు. మిషన్ ఎవరైనా చూస్తారని, నిద్ర చాలని కళ్లతో చీకట్లో భార్యాబిడ్డలను కారులో కూర్చోబెట్టుకుని అంత దూరం నడుపుకొచ్చారు. మీ ఉత్తరంలో నన్ను భయపెట్టింది అదొక్కటే. మాస్కు వాడకం కుదురుకునేదాకా దూర ప్రయాణాల్లో స్టీరింగ్ వేరేవాళ్లకు ఇవ్వండి, లేదా రైలో బస్సో ఎక్కండి.

వేరే దారుల సంగతి. మీరు 5 అడుగుల 6 అంగుళాలు, 94 కిలోలు అని రాశారు. బరువు తగ్గితే తప్పకుండా మేలే. పది శాతం తగ్గితే ఏహెచ్ఐ సుమారు పావువంతు తగ్గుతుందని ఒక పాత అధ్యయనం అంచనా. తొమ్మిదిన్నర కిలోలు తగ్గారనుకుందాం. ఆ లెక్కన మీ 42 ముప్ఫై ఒకటికి రావచ్చు. అప్పటికీ తీవ్రమే. టిర్జెపటైడ్ అనే వారానికోసారి ఇంజెక్షన్‌ను ఊబకాయంతో పాటు స్లీప్ అప్నియా ఉన్నవాళ్లకు వాడొచ్చని 2024 డిసెంబరులో అమెరికాలో అనుమతించారు. ఏడాది పాటు సాగిన పరీక్షల్లో ఏహెచ్ఐ సగటున గంటకు 25కు పైనే తగ్గింది. ఆ మందు మన దేశంలోనూ దొరుకుతోంది, ఖరీదైనదే. కడుపులో వికారం లాంటి ఇబ్బందులుంటాయి, ఆపేస్తే బరువు తిరిగొచ్చే అవకాశం ఎక్కువ. అంటే అదీ ఏళ్ల తరబడి సాగే వ్యవహారమే. మీకు సరిపడుతుందో లేదో డాక్టర్ని అడగండి. కానీ బరువు తగ్గే ఆ నెలలన్నీ మాస్కు లేకుండా గడపొద్దు. తగ్గాక మళ్లీ స్లీప్ స్టడీ చేయించుకుంటే, ప్రెషర్ తగ్గించొచ్చా, మిషన్ అవసరమే తప్పుతుందా అన్నది అప్పుడు తేలుతుంది. ‘లైఫ్‌లాంగ్’ అన్న మీ డాక్టర్ ఈ తలుపు కూడా చూపించాల్సింది.

పళ్లకు పెట్టే క్లిప్పు కింది దవడను కాస్త ముందుకు లాగి పట్టుకుంటుంది. తక్కువ, మధ్యస్థాయి జబ్బుకు బాగా పనికొస్తుంది. మీ స్థాయికి మొదటి ఎంపిక కాదు, అన్నీ ప్రయత్నించినా మాస్కు పడనివాళ్లకు అసలేమీ లేకపోవడం కంటే నయం. దవడ నొప్పి, పళ్ల వరస కొద్దిగా కదలడం ఉండొచ్చు. దీని గురించి తెలిసిన డెంటిస్టే కొలతలు తీయాలి, ఆన్‌లైన్లో కొని వేడినీళ్లలో ముంచుకునేవాటి జోలికి పోకండి. ఇక ఆపరేషన్. పెద్దవాళ్లలో గొంతు ఆపరేషన్ చేస్తే ఎంత తగ్గుతుందో ముందుగా చెప్పడం కష్టం, తగ్గినా పూర్తిగా పోతుందన్న హామీ లేదు. ముక్కు దూలం సరిచేస్తే జబ్బు పోదు గానీ మాస్కు సుఖంగా పడుతుంది. శనివారం రెండు పెగ్గుల సంగతి దాచకుండా రాశారు, సంతోషం. మందు గొంతు కండరాలను ఇంకా సడలిస్తుంది, కాబట్టి ఆ రాత్రి మాస్కు అసలు తీయకూడదు. నిద్రమాత్రలు డాక్టర్ని అడగకుండా ఎప్పుడూ వద్దు.

సి షిఫ్టు వారంలో సెలవు ఎందుకిచ్చారో నాకు అర్థం కాలేదు. రాత్రి వాడేది అన్నారని, పగలు పడుకునేటప్పుడు అక్కర్లేదనుకున్నారేమో. గొంతుకు పగలూ రాత్రీ తెలియదు. పొద్దున ఇంటికొచ్చి కర్టెన్లు వేసుకుని పడుకున్నా, ఆదివారం మధ్యాహ్నం భోజనం చేసి కాసేపు వాలినా మాస్కు ఉండాల్సిందే. షిఫ్టుల వల్ల ఎలాగూ నిద్ర చెదిరిపోయే ఆ వారంలోనే మీకది ఎక్కువ అవసరం.

ఆఫీసులో చెప్పడం మీద మీకు రెండు దారులున్నాయి. కంపెనీ డాక్టర్‌కు చెప్తే రికార్డులోకి వెళ్తుంది. కొన్నాళ్లు డ్యూటీ మార్చొచ్చు, నైట్ అలవెన్సు పోవచ్చు, నలుగురూ నాలుగు మాటలనొచ్చు. కానీ మిషన్‌లో వాడకం లెక్కలున్నాయి, వైద్యం తీసుకుంటున్నానని చూపించడానికి అవి మీ చేతిలో కాగితాలు. చెప్పకపోతే ఆ ఇబ్బందులేవీ ఉండవు. కానీ కునుకు పట్టిన ఒక్క నిమిషంలో ఏదైనా జరిగితే, ముందే తెలిసీ దాచారన్న మాట మీ మెడకు చుట్టుకుంటుంది, అవతల ఇంకొకరి ప్రాణం ఉండొచ్చు. నేనైతే ముందు మాస్కు సరిచేయించుకుని, మత్తు తగ్గిందో లేదో కొన్ని వారాలు చూసి, చేతిలో మంచి అంకెలతో వెళ్లి చెప్తాను. ఆలోగా ఇంకోసారి డ్యూటీలో కునుకు పడితే మాత్రం ఆగకుండా ఆ రోజే చెప్తాను. మీ ఉద్యోగం సంగతి మీకే బాగా తెలుసు, నిర్ణయం మీదే.

కరెంటు గురించి మీ భయం నిజమైనదే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను కొట్టాక మన ఊళ్లో ఎన్ని రాత్రులు చీకట్లో గడిపామో తెలిసినవాళ్లెవరూ ఆ ప్రశ్నకు నవ్వరు. మామూలు కోతలకు ఇంట్లో ఇన్వర్టర్ సరిపోతుంది. హ్యూమిడిఫయర్ ఆపేస్తే బ్యాటరీ చాలా ఎక్కువసేపు వస్తుంది. ప్రయాణాలకు ఈ మిషన్ల కోసమే అమ్మే చిన్న బ్యాటరీలున్నాయి, మీ మోడల్‌కు సరిపడేది అడిగి తీసుకోండి. రైల్లో ప్లగ్గును నమ్ముకోవద్దు, కొన్ని రైళ్లలో రాత్రిపూట చార్జింగ్ పాయింట్లు ఆపేస్తారు. ఏ దారీ లేక ఒకటి రెండు రాత్రులు మాస్కు లేకుండా పోతే ప్రళయం కాదు. తల ఎత్తుగా పెట్టుకుని పక్కకు తిరిగి పడుకోండి, మర్నాడు బండి తీయకండి. మాల కూడా వేసుకోవచ్చు. నేల మీద చాప వేసుకుని పడుకున్నా మిషన్ పనిచేస్తుంది. గురుస్వామికి ముందే చెప్పి ప్లగ్గు దగ్గర చోటు అడగండి.

బీరువాలో దాచడం ఈ రోజే మానేయండి. రోజూ రాత్రి అలసిపోయి వచ్చి దాన్ని బయటికి తీసి, వైర్లు విప్పి, నీళ్లు పోసి, అమర్చుకోవాలంటే ఎవరికైనా విసుగే. స్టూలు మీద శాశ్వతంగా ఉంచండి. పొద్దున మాస్కు మెత్తలు తుడుచుకోండి, వారానికోసారి మాస్కూ గొట్టమూ సబ్బునీళ్లతో కడిగి నీడలో ఆరేయండి. హ్యూమిడిఫయర్ తొట్టిలో డిస్టిల్డ్ వాటరే పోయండి, కుళాయి నీళ్లు పోస్తే తెల్లటి పొర కడుతుంది. పనిమనిషి అడిగితే గురక మిషన్ అని చెప్పండి. వాళ్లాయనకూ గురక ఉండే ఉంటుంది, అడ్రసు అడుగుతుంది.

మీ భార్య మీరు మాస్కు తీసేసిన ప్రతిసారీ లేచి గొడవ పడుతున్నారని ఫిర్యాదులా రాశారు. చీకట్లో మీ ఊపిరి ఆగినప్పుడల్లా మళ్లీ వస్తుందా రాదా అని ఆవిడ కళ్లు తెరుచుకుని పడుకున్న రాత్రులు ఎన్ని ఉంటాయో లెక్క వేశారా? ఆవిడకూ కొన్నేళ్ల నిద్ర బాకీ ఉంది. ఆ కాపలా ఆవిడ మానుకోవడానికి మీరే ఒక ఏర్పాటు చేయాలి. పొద్దున తెర మీద అంకెలు ఇద్దరూ కలిసి చూడండి, రాత్రి లేపే బాధ్యత ఆవిడది కాదని చెప్పండి. నసగా వినిపిస్తున్నది చాలావరకు భయమే. ఆ భయం తగ్గడానికి మీ మాటల కంటే ఆ అంకెలు బాగా పనిచేస్తాయి.

కూతురికి కూడా వస్తుందా అని చివర్లో చిన్నగా అడిగారు. దవడ, గొంతు తీరు, బరువు కుటుంబాల్లో కలిసి నడుస్తాయి కాబట్టి ఈ జబ్బూ కొంతవరకు నడుస్తుంది. అమ్మాయికి గురక, పగటి మత్తు లేకపోతే ఇప్పుడు ఏ పరీక్షా అక్కర్లేదు. గురక పెడుతూ బీపీ మాత్రలు వేసుకునే తమ్ముడున్నాడని రాశారు, పరీక్ష చేయించాల్సింది అతనికి. మీ సంగతికొస్తే, మాస్కు సరిచేసుకుని, మిగిలిన ఏహెచ్ఐ ఐదు లోపు ఉండి, ఆరేడు గంటలు వాడుతున్నా మత్తు వదలకపోతే సర్దుకుపోకండి. షిఫ్టుల వల్ల గానీ, థైరాయిడ్ లాంటి వేరే కారణం గానీ ఉండొచ్చు. డాక్టర్ దగ్గరికి మళ్లీ వెళ్లండి.